మరకల పిన్ని చూసిన ఎర్ర దారాలు

మరక ఎక్కడ పుట్టిందో తెలిస్తేగాని ఎలా పోతుందో చెప్పలేనని మరకల పిన్ని వచ్చినవాళ్లందరితోనూ అనేది. అందుకని ఆమె డ్రై క్లీనింగ్ షాపుకి బట్టలు తెచ్చినవాళ్లు బట్టతోబాటు దాని కథ కూడా అప్పగించాల్సి వచ్చేది. కాఫీ అంటే సరిపోదు. పాలు పోసిందా పోయనిదా, వేడిగా ఉన్నప్పుడు ఒలికిందా చల్లారాకా, ఒలికాక ఎవరైనా తెలివితక్కువగా సబ్బు రుద్దారా, అన్నీ చెప్పాలి. ఒకాయన చొక్కా కాలరు మీది ఎర్రమరకకి పుట్టుక చెప్పలేక నీళ్లు నమిలితే, "సరేలెండి, ఇది లిప్‌స్టిక్ కాదనుకునే ఉతుకుతాను, పోకపోతే నన్ననకండి" అంది. ఆయన మళ్లీ ఆ షాపు ఛాయలకి రాలేదు. చొక్కా కోసం వాళ్లావిడ వచ్చింది.

పిన్నికి అరవై దగ్గర పడుతున్నాయి. పొట్టి మనిషి. కళ్లజోడు తాడుకి కట్టి మెళ్లో వేలాడేసుకునేది. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తండ్రి పెట్టిన షాపులోనే స్థిరపడిపోయింది. కింద షాపు, పైన ఇల్లు. ముందు గదిలో కౌంటరు దగ్గర అన్నయ్య కూర్చుని వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెబుతూ చీటీలు కుట్టేవాడు. హ్యాంగర్ల వరసలు దాటి వెళితే ఆవిరి ఇస్త్రీ యంత్రం. దాని వెనక పెద్ద కిటికీ కింద మరకల బల్ల. అది పిన్ని రాజ్యం. పైన అమ్మ, వదిన ఉండేవాళ్లు.

ప్రపంచంలో ఉన్న ప్రతిదాని గురించీ ఆరా తీసే పిన్ని ఒక్క సంగతి మాత్రం ఎవరినీ అడగలేదు. అది నాన్న చావు.

నాన్న నలభై దాటిన కొద్దికాలానికే పోయాడు. ముందు కళ్లు పచ్చబడ్డాయి. తర్వాత ఒళ్లంతా చిక్కిపోయి పొట్ట ఒక్కటే కుండలా ఉబ్బింది. కాలేయం గట్టిపడిపోయిందన్నాడు అప్పటి డాక్టరు. ఆ మాట చాలు, వీధి మొత్తం తీర్పు చెప్పేసింది. కాలేయం పోయిందంటే తాగుడే. పైకి పెద్దమనిషిలా ఉండేవాడు, లోపల్లోపల ఎంత పట్టించాడో అన్నారు. నాన్న తమ్ముడు, అంటే పిన్నికి బాబాయి, మరీ ముందుకెళ్లి, "మా అన్న సంగతి మాకు తెలియదా? కప్పుకుని తాగేవాడికి కళ్లే సాక్ష్యం" అని టీ కొట్ల దగ్గర నవ్వుతూ చెప్పేవాడు. నాన్న మాత్రం ఆఖరి రోజుల్లో కూడా, "చుక్క ముట్టలేదు" అంటూనే పోయాడు. అమ్మ ఔననలేదు, కాదనలేదు. ఊరి నోటికి మూత వేయడం ఎవరి తరం కనుక? కానీ ఇంట్లో కూడా ఆ మాటకి మూత పడిపోయింది. అప్పటి నుంచి నలభై ఏళ్లు ఎవరూ దాన్ని తీయలేదు.

వీధి చివర ఒక పరిశోధన సంస్థ ఉంది. అక్కడివాళ్ల తెల్లకోట్లన్నీ ఈ షాపుకే వచ్చేవి. వాటిని తెచ్చే పరిశోధకురాలు ఎప్పుడూ హడావిడిగా ఉండే సన్నటి పిల్ల. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, ఆ పెన్ను కోసమే బల్లలన్నీ వెతికేది. పిన్ని ఆమెకి పెన్ను పాప అని పేరు పెట్టింది.

ఒక మధ్యాహ్నం పెన్ను పాప ఒక కోటు తెచ్చి బల్ల మీద పరిచింది. జేబు కింద అరచేతి మేర మరక. నడుమ ఎరుపు, అంచుల్లో పసుపు. పిన్ని కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. బీట్‌రూట్ కాదు. రక్తం కాదు. సిరా అసలే కాదు.

"ఏంటే ఇది?"

"రంగు పిన్నీ. మా ల్యాబ్‌లో వాడేది. సీసా ఒలికింది."

"దేనికి వేస్తారు?"

"మచ్చలకి."

"మచ్చలు పోవడానికా?"

"కాదు, కనబడటానికి. కాలేయాన్ని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి ఈ రంగులో పెడతాం. మామూలు చోటంతా పసుపుగా ఉండిపోతుంది. మచ్చ కట్టిన చోట మాత్రమే ఎర్రగా పట్టుకుంటుంది."

పిన్ని చేతిలో బ్రష్షు ఆగిపోయింది. "మచ్చ ఎక్కడుందో వెతికి మరీ పట్టుకుంటుందా? ఇదేదో పోలీసు కుక్కలా ఉందే!" అని కోటు మీది ఎరుపుని కొత్తగా చూసింది. "అది సరే, లోపల ఎక్కడో ఉండే కాలేయానికి మచ్చేంటి? దెబ్బెలా తగులుతుంది?"

"మోకాలు చీరుకుపోతే గట్టిగా మచ్చ కడుతుంది చూడండి, అలాంటిదే. కాలేయం మొండిది. ఒకసారి దెబ్బ తగిలితే తనంతట తనే మానిపోతుంది. రోజూ తగులుతూ ఉంటే మాత్రం మచ్చ మీద మచ్చ పేరుకుని మొత్తం గట్టిపడిపోతుంది. జిన్సెంగ్ వేర్లో ఉండే పదార్థాలు ఆ మచ్చని ఆపుతాయేమో అని మేం చూస్తున్నాం."

"జిన్సెంగంటే మందుల షాపులో డబ్బాల మీద బొమ్మ ఉంటుంది, మనిషిలా కాళ్లూ చేతులూ ఉన్న వేరు, అదేనా? ముసలాళ్లు పడుచువాళ్లయిపోతారని రాస్తారు. మా అన్నయ్య దాన్ని చూసినప్పుడల్లా కడుపు లోపలికి పీల్చుకుంటాడు."

కౌంటరు దగ్గర నుంచి అన్నయ్య దగ్గాడు. పెన్ను పాప నవ్వింది. పిన్ని నవ్వలేదు. గట్టిపడిపోతుందన్న మాట దగ్గరే ఆమె మనసు చిక్కుకుపోయింది. ఆ మాటే నలభై ఏళ్ల కిందట విన్నది.

"నాకు చూపిస్తావా ఆ మచ్చ?" అని అడిగింది.

ఆ వారం ఉతికిన కోట్లు పట్టుకుని తనే సంస్థకి వెళ్లింది. ఎర్రమరక చాలావరకు వదిలింది, గులాబీ నీడ ఒకటి మిగిలింది. దాని గురించి క్షమాపణ చెప్పుకునేలోగానే పెన్ను పాప ఆమెని ఒక సన్నటి గదిలోకి తీసుకెళ్లింది. ఒక మూల ఫ్రిజ్ గుర్రుమంటోంది. కిటికీ తెర దించి ఉంది. బల్ల మీద మైక్రోస్కోపు.

"ఒక కన్ను మూయక్కర్లేదు పిన్నీ, రెండూ పెట్టండి."

మొదటి గాజుపలకలో గడ్డి ఎండిన మైదానంలా పసుపు కనిపించింది. అక్కడక్కడ నాళాల చుట్టూ సన్నగా ఎర్రటి గీత. ఆరోగ్యంగా ఉన్న ఎలుక కాలేయమట. రెండో పలక పెట్టగానే పిన్ని "అబ్బో!" అని వెనక్కి జరిగి మళ్లీ వంగింది. పసుపు అంతటా ఎర్ర దారాలు. ఒకదానితో ఒకటి ముడిపడి, మైదానాన్ని చిన్నచిన్న గదులుగా కట్టేసి, ఊపిరాడకుండా చుట్టేసిన దారాలు. మూడోదానిలో దారాలు ఉన్నాయి గాని సన్నగా, చాలాచోట్ల తెగిపోయి ఉన్నాయి.

"మూడోదానికి మీ వేరు ఇచ్చారా?"

"అవును. వేరు మొత్తం కాదు, అందులోంచి విడదీసిన ఒక పదార్థం."

"ఈ దారాలెవరు తీస్తారే లోపల?"

పెన్ను పాపకి ఉత్సాహం వచ్చింది. ముడిలోంచి పెన్ను లాగి కాగితం మీద నక్షత్రం గీసింది. "ఇలాంటి ఆకారంలో కణాలుంటాయి. మామూలప్పుడు విటమిన్ దాచుకుని నిద్రపోతుంటాయి. కాలేయానికి గాయమైతే లేచి, దాన్ని పూడ్చడానికి దారాలు తీయడం మొదలెడతాయి."

"అంటే మంచివేగా!"

"మంచివే. దెబ్బ ఆగకపోతే అవీ ఆగవు, అదే చిక్కు."

"మా వదిన అల్లికలాగా అన్నమాట. పుట్టబోయే మనవడికని స్వెట్టరు మొదలెట్టింది. వాడు బడికెళ్తున్నాడు, అది ఇంకా పెరుగుతూనే ఉంది."

"అంతే పిన్నీ! ఈ పదార్థం ఆ కణాల్ని జోకొట్టి పడుకోబెడుతోందని మా అనుమానం. కాలేయంలో వాపుని, మంటని కూడా తగ్గిస్తున్నట్టుంది."

"అనుమానమా, తెలుసా?"

"ఎలుకల్లో చూశాం. గాజు పళ్లాల్లో పెంచిన కణాల్లో చూశాం. వేరే చోట్ల వాళ్లకీ ఇలాంటివే కనబడ్డాయి. మనుషుల సంగతి మాత్రం ఇంకా గట్టిగా చెప్పలేం."

పిన్నికి ఆ జవాబు నచ్చింది. తెలియనిదాన్ని తెలియదని చెప్పేవాళ్ల దగ్గర ఇంకో నాలుగు ప్రశ్నలు అడగబుద్ధేస్తుంది. మళ్లీ రెండో పలక పెట్టించుకుని చూస్తూ, "ఇంతకీ ఎలుకకి ఇన్ని మచ్చలెలా వచ్చాయి? అదేం తాగుబోతు కాదు గదా?" అంది.

"మేమే తెప్పిస్తాం పిన్నీ. కాలేయాన్ని దెబ్బతీసే ద్రవం ఒకటి కొద్దికొద్దిగా కొన్ని వారాలపాటు ఇస్తాం. కార్బన్ టెట్రాక్లోరైడ్ అని."

పిన్ని మెల్లగా తలెత్తింది. "టెట్రానా?"

"మీకెలా తెలుసు?"

"నీళ్లలా ఉంటుంది. తియ్యటి వాసన. మూత తీస్తే తల తేలిపోతుంది. నూనె మరక మీద ఇలా అద్దితే చిటికెలో మాయం." పిన్ని వేళ్లు గాలిలో లేని బట్టని అద్దుతున్నాయి. "మా షాపులో డబ్బాలుండేవి. మా నాన్న రోజంతా దాంతోనే ఉండేవాడు."

పెన్ను పాప కుర్చీ దగ్గరికి జరిపి పిన్నిని కూర్చోబెట్టింది. "ఒకప్పుడు బట్టలకి దాన్ని వాడేవాళ్లని చదివాను పిన్నీ. కాలేయాన్ని పాడుచేస్తుందని తర్వాత వదిలేశారు."

"తాగితేనా?"

"తాగక్కర్లేదు. పీల్చినా చాలు. చర్మం మీద పడ్డా లోపలికి పోతుంది. మీ నాన్నగారికి దానివల్లే అయిందని నేను చెప్పలేను, నేను డాక్టర్ని కాను, ఆయన్ని చూడలేదు. కానీ అయ్యుండొచ్చు."

ఇంటికి నడుస్తూంటే పిన్నికి పాత మరకల గది కళ్లకి కట్టింది. ఇప్పటి సామాన్లగదే అది. బట్టల మీద దుమ్ము పడుతుందని దాని కిటికీ ఎప్పుడూ మూసే ఉంచేవాళ్లు. నాన్న చిన్న గిన్నెలో టెట్రా పోసుకుని, దూది ముంచి, వంగి అద్దుతూ ఉండేవాడు. మధ్యమధ్య తలనొప్పని బయటికొచ్చి గడప మీద కూర్చునేవాడు. ఆయన పోయాక కొన్నాళ్లకి సరుకు ఇచ్చేవాడు టెట్రా మానేసి వేరే ద్రవం తెచ్చాడు. ఎందుకు మార్చావని ఎవరూ అడగలేదు. అన్నిటికీ ప్రశ్నలడిగే తనే అడగలేదేంటా అని పిన్ని దారి పొడుగునా ఆశ్చర్యపోయింది.

అన్నయ్య ఈ కథంతా విని ముఖం మాడ్చుకుని ఎడమ పక్కటెముకల మీద చెయ్యి వేసుకున్నాడు. "నేను కూడా నాన్న పక్కన మూడేళ్లు ఆ గదిలో చేశానే!"

పిన్ని ఆయన చెయ్యి తీసి కుడివైపు పెట్టింది. "కాలేయం ఇటుంది అన్నయ్యా."

సాయంత్రానికల్లా ఆయన జిన్సెంగ్ డబ్బా ఒకటి కొనుక్కొచ్చి, చిన్నపిల్లాడు కొత్త బొమ్మని చూసుకున్నట్టు చూసుకుంటూ కూర్చున్నాడు. పిన్ని ఆ డబ్బా లాక్కుని మర్నాడు పెన్ను పాప ముందు పెట్టింది.

"ఇందులో ఏముందో నాకు తెలియదు పిన్నీ," అంది ఆ పిల్ల, డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి. "మేమిచ్చేది ఒకే పదార్థం, తూచి ఇస్తాం. ఇందులో వేరెంత, కలిపిందెంత? కొన్ని మూలికల పొడులు కాలేయానికే చేటు చేస్తాయి. అసలు ముందు మచ్చ ఉందో లేదో చూపించుకోమనండి."

అన్నాచెల్లెళ్లిద్దరూ ఆసుపత్రికి వెళ్లి చూపించుకున్నారు. కత్తీ లేదు, సూదీ లేదు. పక్కటెముకల మధ్య ఒక చిన్న పరికరం ఆనించి టప్ టప్‌మని తడితే, ఆ తట్టు లోపలికి ఎంత వేగంగా పాకిందో యంత్రం చెబుతుందట. మెత్తటి కాలేయంలో మెల్లగా, గట్టిపడినదానిలో వేగంగా పాకుతుంది. పుచ్చకాయని తట్టి చూసినట్టు ఉంది గదా అని పిన్ని అడిగితే, డాక్టరమ్మ నవ్వి, "దాదాపు అంతే" అంది. పిన్నిది మెత్తగా ఉంది. అన్నయ్యది కొంచెం గట్టిపడింది.

"టెట్రా వల్లేనా డాక్టరుగారూ?" అన్నాడు అన్నయ్య, ముఖం నిండా దిగులుతో.

డాక్టరమ్మ ఆయన పొట్ట వైపు చూసింది. "అది ఎప్పటి మాటో. మీరు దాన్ని వదిలేసి నలభై ఏళ్లు. ఇది కొవ్వు. కూర్చుని కూర్చుని, తీపి తినీ తినీ వచ్చింది. నడవండి, బరువు తగ్గండి. ఇప్పుడైతే వెనక్కి మళ్లే అవకాశం ఉంది."

"జిన్సెంగ్?"

"ఆ పరిశోధనలు నేనూ చూస్తుంటాను. ఆసక్తిగానే ఉన్నాయి. కానీ మనుషుల్లో తేలేదాకా ఆ డబ్బా పక్కన పెట్టండి."

అప్పుడు పిన్ని నాన్న జబ్బు గురించి చెప్పింది. మూసిన కిటికీ గది, దూది, తలనొప్పులు, పచ్చటి కళ్లు. డాక్టరమ్మ చివరిదాకా విని, ఇన్నేళ్ల తర్వాత తేల్చి చెప్పడం కుదరదని, కానీ గాలి ఆడని గదిలో ఏళ్ల తరబడి ఆ పని చేసిన మనిషికి కాలేయం గట్టిపడిందంటే తను మొదట అనుమానించేది సారా సీసాని కాదు, ఆ టెట్రా డబ్బానేనని అంది.

ఇక అమ్మకి చెప్పాలి. మర్నాడు భోజనాలయ్యాక పిన్ని పైకెళ్లేసరికి అమ్మ కిటికీ పక్కన కూర్చుని బటాణీలు ఒలుస్తోంది. పిన్ని కూడా ఎదురుగా కూర్చుని కాయలు అందుకుంది. ఎర్ర దారాల దగ్గర మొదలెట్టింది. నక్షత్రాల కణాలు, జిన్సెంగ్ వేరు, ఎలుకలు.

"పాపం ఎలుకలు," అంది అమ్మ.

"వాటికి ఆ మచ్చలు రావడానికి టెట్రా ఇస్తారమ్మా. నాన్న వాడిన టెట్రానే."

అమ్మ చేతిలో కాయ సగం విచ్చుకుని ఆగింది. "దాని వాసన ఎలా ఉంటుందే? నేనెప్పుడూ ఆ గదిలో అడుగు పెట్టలేదు."

"తియ్యగా ఉంటుంది. కొంచెం మత్తుగా."

అమ్మ గొంతు బాగా తగ్గించి, నాన్న పక్కగదిలో ఉన్నట్టు చెప్పింది. "రోజూ ఆయన పైకి రాగానే దగ్గరికెళ్లి వాసన చూసేదాన్ని. ఏదో తియ్యగా, మత్తుగా కొట్టేది. ఏంటిదని అడిగితే షాపు వాసనే అనేవాడు. ఏ షాపు అని అడిగేదాన్ని." ఆమె కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు వాటంతటవే జారాయి. "ఆ వాసన తప్ప ఆయన మీద నా దగ్గర ఇంకో సాక్ష్యం లేదు. ఒక సీసా దొరకలేదు, ఒకరోజు తూలలేదు. అయినా నేను నమ్మలేదు."

"అమ్మా, డాక్టరమ్మ కూడా కచ్చితంగా చెప్పలేదు. అయ్యుండొచ్చు అంది, అంతే."

"ఆవిడ చెప్పలేనిది జబ్బు ఎందుకొచ్చిందని. తాగాడా లేదా అన్నది నా లెక్క." అమ్మ బటాణీల గిన్నె పక్కకి జరిపింది. "మీ బాబాయికి ఫోన్ కలుపు."

బాబాయికి ఎనభై దగ్గర పడ్డాయి, చెవులు సరిగ్గా వినబడవు. ఆయన "హలో" అనడమే పక్క వీధికి వినబడేట్టు ఉంది.

"మీ అన్న తాగలేదయ్యా," అంది అమ్మ.

"ఏంటి వదినా? తాగునీళ్లు రావట్లేదా? మాకూ రావట్లేదు."

"నీళ్లు కాదు! మీ అన్న! మందు! మందు తాగలేదు!"

"మందు తాగలేదా? ఈ వయసులో వేళకి మందులు వేసుకోకపోతే ఎలా వదినా?"

అమ్మ లేచి నిలబడింది. ఎనభై రెండేళ్ల మనిషి, మెట్లెక్కడానికే ఒకరు చెయ్యి పట్టుకోవాలి. కిటికీ చువ్వ పట్టుకుని, ఊపిరి తీసుకుని, బతుకులో ఎన్నడూ ఎత్తని గొంతెత్తింది. "నీ అన్న తాగుబోతు కాడూ! ఆ వాసన సారా వాసన కాదు, బట్టల మందు వాసన! ఆయన చుక్క కూడా ముట్టలేదు! వినపడిందా?"

కింద ఇస్త్రీ యంత్రం బుస ఆగిపోయింది. అన్నయ్య, కౌంటరు ముందు నిలబడ్డ ఇద్దరు, ఎదురుగా మంగలిషాపులో సగం గడ్డం గీయించుకున్న మనిషి, అందరూ తలెత్తి పైకి చూశారు.

"వినపడింది వదినా," అన్నాడు ఫోన్లో బాబాయి, గొంతు తగ్గించి.

నాలుగు రోజుల తర్వాత ఆయన చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. క్షమించమనీ అనలేదు, తప్పయిందనీ అనలేదు. అమ్మ ఎదురుగా కూర్చుని, టీ తాగి, టెట్రా అంటే ఏంటో మొదటినుంచి చెప్పమన్నాడు. పిన్ని ఎర్ర దారాల కథంతా మళ్లీ చెప్పింది, ఈసారి అరుస్తూ. ఆయన ఒక్కొక్క మాట దగ్గరా ఆపి అడిగాడు. గాలి పీలిస్తేనే అంత పనా? మరి ఆ వేరు అప్పట్లో దొరికుంటే అన్న బతికేవాడా?

"తెలియదు బాబాయ్. ఎలుకల్లో మచ్చ తగ్గింది. మనుషుల్లో చూడాలంటే ఇంకా చాలా ఏళ్లు పడుతుందట. అయినా నాన్నకి కావాల్సింది వేరు కాదు, ఆ కిటికీ తెరవడం."

బాబాయి తలూపాడు. సామాన్లగది చూపించమన్నాడు. చూసి, వీధిలోకి నడిచాడు. పిన్ని ఆయన్ని ఆటో దాకా దించుదామని వెనకే వెళ్లింది. ఆయన మాత్రం ఆటో వైపు కాకుండా వీధి దాటి తిన్నగా మంగలిషాపులోకి వెళ్లి నిలబడ్డాడు.

"మా అన్న తాగేవాడు కాదు, తెలుసా?" అన్నాడు గట్టిగా.

మంగలికి ముప్ఫై ఏళ్లుంటాయేమో. కత్తెర ఆపి, పెద్దాయన్ని వింతగా చూశాడు. "ఎవరండీ మీ అన్నగారు?"

బాబాయి ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, "చెబుతాను విను" అన్నాడు.